బొడ్లో ఫ్యూజు

ఆండాళమ్మ నూలు ఆరెయ్యాలంటే ముందు ఇంట్లో ఫ్యాను ఆగాలి. నారాయణపేటలో ఆ సందులో ఉన్నవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. రంగు కాచే గంజులోంచి తీసిన, పెద్ద చుట్టల్లాంటి నూలు చిలపలను పిండి బకెట్లో వేసుకున్నాక, ఆమె నేరుగా వసారాలోని బోర్డు దగ్గరికి వెళ్తుంది. తెల్ల పింగాణీ ఫ్యూజును పీకి బొడ్లో చెక్కుకుంటుంది. అప్పుడు గాని మేడ మెట్లెక్కదు. టీవీలో అత్తాకోడళ్ల పోట్లాట ఎంత రసపట్టులో ఉన్నా సరే, నోరు మూసుకోవాల్సిందే.

మెట్లెక్కాక కూడా ఊరుకోదు. తాడును, వెదురు బొంగును, పిట్టగోడలోంచి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వను, ఒక్కొక్కదాన్నీ వేళ్ల వెనక భాగంతో తాకి చూస్తుంది. కరెంటున్నదాన్ని అరచేత్తో ముడితే చెయ్యి ముడుచుకుపోయి దాన్నే పట్టుకుంటుందని, వెనక వేళ్లతో ముడితే ఇవతలికి గుంజుకుంటుందని లైన్‌మన్ మైసయ్య ఒకప్పుడు చెప్పాడు. ఆయన రిటైరై ఊరెళ్లిపోయాడు గాని ఆ మాట మాత్రం ఆమె వేళ్లకు అంటుకుపోయింది. తలుపు గొళ్లెమైనా, నీళ్ల బిందె అయినా అంతే. కొడుక్కి జ్వరమొస్తే నుదురు కూడా అలాగే చూస్తుంది. పక్కింటి సోమమ్మ ఊరుకోదు.

“పోరనికి కూడ కరెంటున్నదేమోనని సూస్తాంది సూడుండ్రి! ఊరి కరెంటంత నీ బొడ్లనే ఉన్నదేందే ఆండాళూ?” అంటుంది.

ఆండాళమ్మ కూడా నవ్వుతుంది. ఆమెకు నవ్వడం బాగానే వచ్చు. కానీ నవ్వుతున్నంతసేపూ ఒక చెయ్యి బొడ్లోని ఫ్యూజు మీదే ఉంటుంది.

ఆ ఇంట్లో ఇంకో కట్టుబాటు కూడా ఉంది. అది తాతలనాటిది. నూలున్న చోట చెప్పులుండకూడదు. మగ్గం గుంత దగ్గరైనా, ఆరేసిన చిలపల కిందైనా ఒట్టి కాళ్లతోనే నడవాలి. నూలంటే ఇంటి లక్ష్మి. చెప్పులతో దాని కిందికి వచ్చినవాడు ఎంత పెద్దవాడైనా ఆ ఇంటి ముసలివాళ్ల చేత నాలుగు తిట్లు తిన్నాకే అన్నం తినేవాడు. పాలమూరు ఎండకు మేడ పెనంలా కాలుతున్నా ఆండాళమ్మ ఒట్టి కాళ్లతోనే తిరుగుతుంది. ఆమె అరికాళ్లు ఆ రంగునీళ్లకూ ఆ ఎండకూ ఎప్పుడో తోలు చెప్పులైపోయాయి.

ఈ ఫ్యూజు పిచ్చి ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. తెలంగాణ వచ్చిన ఏడాది వానాకాలంలో పట్టుకుంది. అప్పటికి మేడ లేదు, రేకుల ఇల్లే. నూలు పెరట్లో ఆరేసేవాళ్లు. ఒకరోజు సాయంత్రం చినుకు పడుతుంటే చిలపలు తీసుకురావడానికి వెళ్లిన భర్త పరమేశ్వర్, దండేన్ని పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే పడిపోయాడు. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు గాలికి రాసుకొని రాసుకొని తోలు ఊడింది. అది ఒక ఇనుప కొక్కేనికి తగిలింది. ఆ కొక్కేనికే దండెం కట్టి ఉంది. దండెం అంతకుముందు నులక తాడు. ఆ రోజు ఇనుప తీగ.

జనం మూగారు. కరెంటు ఆఫీసు నుంచి వచ్చినాయన కాగితం మీద రాసుకుంటూ, “గీ తీగ ఎవలు కట్టిండ్రు?” అని అడిగాడు. గుంపులోంచి ఎవరో, “ఇంకెవలు, పాపం ఆయననే కట్టుకున్నడు గావచ్చు” అన్నారు. ఆయన అదే రాసుకున్నాడు. ఆండాళు నోరు తెరవలేదు.

తీగ కట్టింది ఆమె. తడి చిలపల బరువుకు తాడు నేలను తాకుతోందని, రంగు పాడవుతుందని ఆ పొద్దునే ఇంటి వెనక దొరికిన తీగను గట్టిగా లాగి, రెండు మెలికలేసి తనే కట్టింది. కట్టాక దాన్ని చేత్తో మీటి చూసి, బాగా బిగిసిందని సంబరపడింది కూడా. పదకొండేళ్లుగా ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. కొడుకు మహేశ్‌కు అసలే చెప్పలేదు. వాడు తండ్రిని తలుచుకున్నప్పుడల్లా, “బాపు గా తీగ కట్టకపోతే బతికెటోడు” అంటాడు. అన్న ప్రతిసారీ ఆమె లేచి ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్లిపోతుంది.

ఆమెకు కరెంటంటే భయమని లోకం అనుకుంటుంది. అది సగం నిజం. మిగతా సగం భయం ఆమెకు తన చేతులంటేనే.

మహేశ్ ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్ల మనిషి. మగ్గం మీద కూర్చుంటే తండ్రి కూర్చున్నట్టే ఉంటాడు. భార్య మంజుల రాట్నం మీద నూలు కండెలు చుడుతుంది. మూడేళ్ల కిందట కోడలిగా వచ్చినప్పుడు ఈ ఫ్యూజు తంతు చూసి బిత్తరపోయింది గాని, తర్వాత తొందరగానే కలిసిపోయింది. ఆండాళమ్మకు కూతురు లేని లోటు తీర్చింది అనడం అందరూ అనే మాట. నిజానికి మంజుల కూతురిలా ఏమీ ఉండదు. ఎదురు మాట్లాడుతుంది, కూరలో ఉప్పెక్కువైందని మొహం మీదే చెబుతుంది, అత్త కాళ్లు నొప్పంటే అడక్కుండా వచ్చి నూనె రాస్తుంది. ఆండాళమ్మకు ఆ పిల్లంటే ప్రాణం.

మంజుల కష్టం చూడలేక మహేశ్ కండెల రాట్నానికి చిన్న మోటారు పెట్టించాడు. అంతకుముందే ఇంట్లో ఫ్రిజ్ వచ్చింది. ఆ ఎండాకాలం కూలరొచ్చింది. అప్పటిదాకా నెలకు రెండు వందల యూనిట్ల లోపే వాడుకొని జీరో బిల్లు అందుకుంటున్న ఇల్లు, ఏప్రిల్‌లో ఆ గీత దాటింది. ఎంతో దాటలేదు. బిల్లు కొట్టే అతను రెండు రోజులు ఆలస్యంగా వచ్చినందుకు దాటింది. గీత దాటినందుకు పై యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాల్సి వచ్చింది. ఇక మహేశ్‌కు అదే ధ్యాస. పొద్దున లేచి దేవుడి పటం కన్నా ముందు మీటరు చూసేవాడు.

“నీ ఫ్యూజు పుణ్యమాని జర మిగుల్తాంది అమ్మా, లేకుంటే ఇంకెంతొచ్చునో” అని నవ్వేవాడు.

మేలోనూ గీత దాటింది. అప్పుడే సందు చివర రఘుపతి సారు ఇంటి మీద సోలార్ పలకలు పెట్టారు. సబ్సిడీ ఉందన్నారు, మిగిలింది బ్యాంకు ఇస్తుందన్నారు. పలకలు బిగించే దివాకర్ అనే కుర్రాడు మహేశ్ ఇంటి మేడెక్కి నలుదిక్కులా చూసి, కళ్లు చికిలించి, ఏదో గుప్తనిధి దొరికినట్టు మాట్లాడాడు.

“అన్నా, చెట్టు నీడ లేదు, గోడ అడ్డం లేదు. ఏడాదికి మూడొందల రోజులు గీ ఎండ కొడ్తనే ఉంటది. ఇన్నేండ్లు ఉత్తగనే పోయింది గద అన్నా ఇదంత!”

పాలమూరు ఎండను ఒక మనిషి మెచ్చుకోవడం ఆండాళమ్మ వినడం అదే మొదలు. పలకలు వచ్చాయి. ఇనుప స్టాండు మీద ఆరు పలకలు, దక్షిణానికి వాలి కూర్చున్నాయి. వసారాలో బోర్డు పక్కన ఒక తెల్ల పెట్టె బిగించారు. దానికో పచ్చ దీపం. అంతా అయ్యాక దివాకర్ చేతులు తుడుచుకుంటుంటే ఆమె దగ్గరికి వెళ్లింది.

“బిడ్డా, దీని ఫ్యూజు ఏడున్నది?”

“గిదిగో అవ్వా, గీ స్విచ్ కింది కంటే చాలు. ఇంట్లకు రాదు.”

“ఇంట్లకు రాదు, సరే. మీద గా వైర్లల్ల ఉంటదా?”

దివాకర్ తల గోక్కున్నాడు. “మీదంటే… ఎండున్నంతసేపు ఉంటది అవ్వా. పలకలల్లనే పుడ్తది గద. సూర్యున్ని బంజెయ్యలేం గద!” అని పెద్దగా నవ్వాడు.

మహేశ్ నవ్వాడు. మంజుల కూడా నవ్వింది. ఆండాళమ్మకు మాత్రం నవ్వు రాలేదు. పదకొండేళ్లుగా ఆమె ధైర్యమంతా ఆ పింగాణీ ముక్కలో ఉంది. అది పీకితే ఇంట్లో ప్రాణాలన్నీ తన బొడ్లో భద్రంగా ఉన్నట్టే. ఇప్పుడు ఇంటి నెత్తి మీదికి ఫ్యూజు లేని కరెంటొచ్చి కూర్చుంది.

ఆ తర్వాత నుంచి ఆమెకు తెల్లవారడమంటేనే భయం పట్టుకుంది. అందరూ చీకటికి భయపడతారు. ఈమెకు పొద్దుగూకితే నిమ్మళం. తూర్పున ఎరుపు కనబడితే చాలు, పైన ఆ వైర్లు మేలుకుంటున్నాయనిపించేది. మధ్యాహ్నం ఎండ పెళపెళలాడుతుంటే వసారాలో కూర్చొని పై కప్పును చూస్తూ ఉండేది. అన్నం సహించేది కాదు. మనిషి చిక్కిపోయింది. మహేశ్ దవాఖానకు తీసుకెళ్తే డాక్టరు బీపీ గోలీలు రాశాడు. బిల్లు మాత్రం గీత కిందికి దిగొచ్చింది. మహేశ్ ఆ కాగితం తెచ్చి చూపిస్తే, చిన్నప్పుడు బడిలో మార్కులు చూపించిన మొహమే మళ్లీ కనబడింది. ఆ మొహం చూశాక ఆమె ఇంకేమీ అనలేకపోయింది.

పలకలు సగం మేడను ఆక్రమించుకున్నాయి. నూలు ఆరేసే జాగా తగ్గింది. శ్రావణంలో ఆండాళమ్మ మొక్కు తీర్చుకోవడానికి సోమమ్మతో కలిసి యాదగిరిగుట్టకు వెళ్లి, రెండు రోజులుండి వచ్చింది. వచ్చి మేడెక్కితే కాళ్లు అక్కడే నిలిచిపోయాయి. సోలార్ స్టాండు నుంచి పిట్టగోడ చువ్వ దాకా మూడు వరసల ఇనుప తీగ బిగించి ఉంది. దాని మీద ఎర్రటి చిలపలు వేలాడుతున్నాయి.

“ఎవలు కట్టిండ్రు గిది?” అంది. పదకొండేళ్ల కిందట ఆ కరెంటాఫీసాయన అడిగిన మాటే తన నోట్లోంచి వచ్చింది.

“నేనే కట్టిన. తాడైతే సాగుతాంది, చిలపలు నేలకానుతున్నయ్” అన్నాడు మహేశ్.

“ఇప్పు కొడుకా. నీ కాల్మొక్కుత, ఇప్పు.”

“అమ్మా, జర ఇను. దీనికి ఎర్తింగ్ ఉన్నది. పైన మల్ల నువ్వు ఫ్యూజు తీసినంకనే ఆరేస్తం గద. ఇంకేం ఫికర్?”

ఫ్యూజు తీస్తే భద్రమని ఆ ఇంటికి నేర్పింది ఆమే. ఈ కరెంటు వేరే, దానికి నీ ఫ్యూజుతో పని లేదని చెబితే, మరి ఇన్నేళ్లు అదెందుకు బొడ్లో పెట్టుకు తిరిగావంటాడు. అసలు నీకింత భయమెందుకంటాడు. అక్కడికొచ్చేసరికి ఆమె నోరు మూతపడిపోతుంది. ఆ రోజు కూడా మూతపడింది. తీగ అలాగే ఉంది.

భాద్రపదంలో కోతులు దిగాయి. అవి ఏటా వచ్చేవే. రెండు గుంపులు మేడల మీద మేడలు దూకుతూ, ఆరేసిన మిరపకాయలను, చీరలను, చేతికందిన ప్రతిదాన్నీ పీకి పాకం పెట్టాయి. పలకల కింది నీడలో కూర్చొని పేలు చూసుకునేవి. ఒకరోజు వసారాలోని తెల్ల పెట్టె మీద పచ్చ దీపం బదులు ఎర్ర దీపం వెలిగింది. మహేశ్ ఫోన్ చేస్తే దివాకర్ మక్తల్‌లో ఉన్నానని, రేపొస్తానని అన్నాడు. రేపు వచ్చింది గాని దివాకర్ రాలేదు.

“రెండు దినాల కరెంట్ లాస్” అని మహేశ్ విసుక్కున్నాడు. ఎర్ర దీపమంటే వాడికి అంతే.

ఆ రాత్రి అన్నాల దగ్గర మంజుల అరచేతులు రుద్దుకుంటూ, “మేడ మీద చిలపలు తీస్తాంటే చేతులు జుమ్ముమన్నయ్ అత్తమ్మా. ఎండ దెబ్బేమో” అంది.

ఆండాళమ్మ చేతిలోని ముద్దను కంచంలో పడేసింది. “రేపు నువ్వు మీదికి పోకు. నూలు పని నేను సూసుకుంట” అంది.

“నీ మోకాళ్లకు మెట్లెందుకు అత్తమ్మా?”

“పోకన్న గద!”

ఆమె అంత గట్టిగా అరవడం మంజుల ఎప్పుడూ చూడలేదు. సరేనని తలూపింది. సరేనన్న మాట ఆ పిల్ల దగ్గర ఎంతసేపు నిలుస్తుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

మర్నాడు మహేశ్ నేసిన చీరలు ఇవ్వడానికి షావుకారు దగ్గరికి వెళ్లాడు. పొద్దున ఆండాళమ్మే మేడెక్కింది. ఆ ఇనుప తీగ వైపు వెళ్లకుండా, ఈ చివరన పాత వెదురు బొంగుల మీద తను వేయగలిగినన్ని చిలపలు వేసి వచ్చింది. పలకల చాటున తీగ మీద మూడు చిలపలు మిగిలిపోయి ఉన్నాయని తెలియకుండానే పెరట్లో రంగు గంజు దగ్గరికి దిగిపోయింది. అవి నిన్న మంజుల తీయకుండా వదిలేసినవి.

మధ్యాహ్నం మూడింటికి, ఎండ ఎండలా ఉండగానే చినుకులు మొదలయ్యాయి. తళతళ మెరుస్తూ వాన. ఆండాళమ్మకు మొదట నూలు గుర్తొచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వసారాలోకి వచ్చింది. ఆలోచించి చేసింది కాదు. పదకొండేళ్ల అలవాటు చేతిని పట్టుకొని తీసుకెళ్లింది. ఫ్యూజు పీకి బొడ్లో చెక్కుకుంది.

లోపల ఫ్యాను ఆగింది. కండెల మోటారు ఆగింది. మంజుల దాని ముందు కూర్చొని ఉంది. మోటారు ఆగగానే కిటికీలోంచి వాన చూసింది. అత్తమ్మ ఫ్యూజు తీసిందంటే మేడ మీద భయం లేదన్నమాట. ముసలామె మోకాళ్లతో ఎందుకెక్కాలని, చిలపలు తనే తెచ్చేస్తే పోతుందని వెనక తలుపులోంచి పరుగు తీసింది. పట్టీలు మెట్ల మీద గల్లుగల్లుమని మోగాయి.

ఆండాళమ్మకు ఆ చప్పుడు వినబడింది. అదే క్షణంలో ఆమె కళ్లు తెల్ల పెట్టె మీద పడ్డాయి. ఇల్లంతా చచ్చిపడి ఉంది. ఫ్యాను లేదు, లైటు లేదు, ఫ్రిజ్ మూలుగు లేదు. ఆ ఎర్ర దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

“మంజులా!”

పైనుంచి, “వస్తున్న అత్తమ్మా, తీగ మీద మూడే ఉన్నయ్” అని వినిపించింది.

ఆమె ఆ మెట్లు ఎలా ఎక్కిందో తర్వాత ఎవరికీ చెప్పలేకపోయింది. మోకాళ్లు గుర్తులేవు. ఊపిరి గుర్తులేదు. ఒక్కటే గుర్తుంది. తనే ఫ్యూజు తీసింది. తనే ఆ పిల్లను పైకి పంపింది. మళ్లీ తన చెయ్యే.

మేడ మీద నీళ్లు నిలిచాయి. స్టాండు కింద కోతులు కొరికి లాగిన నల్ల వైరొకటి ఆ నీళ్లలో పడి ఉంది. మంజుల ఒట్టి కాళ్లతో ఆ నీళ్లలోనే నిలబడి ఉంది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకొని, కుడి చెయ్యి చాచి, తీగ మీది చిలపను అందుకోబోతోంది. అరచెయ్యి తెరిచి ఉంది.

“ముట్టకు!”

మంజుల తల తిప్పి నవ్వింది. చెయ్యి మాత్రం ఆపలేదు. “ఫ్యూజు తీసినవ్ గద అత్తమ్మా” అంది.

వాళ్లిద్దరి మధ్య పది అడుగుల దూరం. ఆండాళమ్మ చెయ్యి బొడ్లోకి వెళ్లింది. చేతికి వచ్చిందాన్ని బలమంతా పెట్టి విసిరేసింది. పింగాణీ ఫ్యూజు వెళ్లి మంజుల మణికట్టు ఎముక మీద టక్కుమని తగిలింది. పిల్ల కెవ్వుమని చెయ్యి గుండెకు హత్తుకొని రెండడుగులు వెనక్కి వేసింది. ఫ్యూజు కిందపడి రెండు చెక్కలైంది.

“నన్ను కొట్టినవా అత్తమ్మా?” కళ్లనిండా నీళ్లతో అడిగింది.

“ఇవుతలికి రా. పొడి జాగకు రా. నా తల్లి గద, రా.”

మంజుల వచ్చింది. ఆండాళమ్మ ఆ పిల్లను మెట్ల గది గుమ్మంలోకి తోసేసి, గదిలో మూలకు పెట్టిన పొడి వెదురు బొంగు తీసుకుంది. కరెంటుందో లేదో తేల్చుకోవడానికి దూరం నుంచే ఆ తీగను చువ్వ నుంచి తప్పించి కిందికి వంచింది. అది నీళ్లను తాకీ తాకకముందే చుర్రుమని నీలం మంట లేచింది. తీగ మీది చిలప అంచు మాడి, కాలిన నూలు వాసన మేడంతా కమ్ముకుంది. బొంగు జారిపోయింది. మంజుల ఏడుపు మధ్యలోనే ఆగిపోయింది. తన తడికాళ్లను, ఆ నీళ్లను, మణికట్టు మీద ఉబ్బుతున్న వాపును మార్చి మార్చి చూసుకుంది. తర్వాత అత్తను గట్టిగా పట్టుకుంది.

వాన వెలిసింది. ఎండ ఇంకా గట్టిగా కాసింది. ఇద్దరూ కలిసి ఇంట్లోని గొంగళ్లు, బొంతలు మోసుకొచ్చారు. పొడిగా ఉన్న వైపు నుంచి, ఇంకో పొడి బొంగు చివరకు తగిలించి, ఒక్కొక్కటే పలకల మీద కప్పారు. అంతకుమించి ఏం చేయాలో వాళ్లకు తెలియదు. మెట్ల గది గుమ్మంలో కూర్చొని, పొద్దు ఎప్పుడు గూకుతుందా అని సూర్యుణ్ణే చూస్తూ ఉండిపోయారు.

ఐదింటికి మహేశ్ వచ్చాడు. ఇంట్లో ఫ్యాను తిరగడం లేదు. బోర్డులో ఫ్యూజు లేదు. అలవాటు ప్రకారం చెప్పులు కింది మెట్టు దగ్గర విడిచి పైకొచ్చాడు. పలకల మీద బొంతలు చూడగానే వాడికి ఒళ్లు మండిపోయింది.

“గిదేం పిచ్చే అమ్మా! మూడు దినాలాయె అది నడవక, పైకెల్లి బొంతలు గప్పుతవా?”

“పోకు కొడుకా. గాడ కరెంటున్నది. నీ పెండ్లాం కొంచెంల తప్పించుకున్నది.”

“మెయిన్ బంద్. ఫ్యూజే లేదు. ఇంకేడికెల్లొస్తది కరెంటు? జరుగు.”

మంజుల ఏదో చెప్పబోయింది. వాడు వినలేదు. ఇద్దరినీ దాటి ఒక కాలు మేడ మీద పెట్టాడు. ఆండాళమ్మ లేచి వాడి చొక్కా వెనక నుంచి పిడికిలితో పట్టుకుంది.

“మీ బాపు సచ్చిన తీగ నేనే కట్టిన.”

మహేశ్ ఆగిపోయాడు. వెనక్కి తిరగలేదు.

“ఆయన కట్టలే. నేను కట్టిన. తాడు సాగుతాందని పొద్దుగాల నేనే కట్టిన. ఎవలో ఆయన పేరు చెప్తే నోరు మూసుకున్న. అదొక్కటే గాదు. వానొస్తాందని చిలపలు తెమ్మని నేనే తోలిచ్చిన. కాళ్లకు రబ్బరు చెప్పులేసుకొనే పోయిండు. నూలు కిందికి చెప్పులేందని నేను మొత్తుకున్న. ఇడిసిపెట్టి పోయిండు. చెప్పులు గడప కాడ్నే ఉండె. ఆయన పడ్డంక కూడ గాడనే ఉండె.”

వాడి చొక్కా ఆమె పిడికిట్లో ముడతలు పడింది. పదకొండేళ్లుగా ఆమె భయపడ్డ క్షణం ఇదే. కొడుకు తిరిగి తన మొహంలోకి చూసే క్షణం. వాడు తిరగలేదు. మేడ మీద పెట్టిన కాలును మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. గోడకు ఆనుకొని మెట్టు మీద కూర్చున్నాడు. మంజుల మధ్యలో కూర్చుంది. పొద్దు పూర్తిగా గూకి, ఆఖరి ఎరుపు కూడా పోయేదాకా ముగ్గురూ అక్కడే ఉన్నారు.

దివాకర్ మర్నాడు తెల్లారకముందే వచ్చాడు. మహేశ్ ఫోన్లో ఏమన్నాడో గాని, ఈసారి మక్తల్ ఊసెత్తలేదు. కోతులు కొరికిన ఒక వైరు స్టాండుకు ఆనుకొని ఉంది, రెండోది నీళ్లలో ఉంది. నీళ్లలో నిలబడి తీగ ముట్టినవాళ్లు ఆ రెంటి మధ్యా ఉన్నట్టే. స్టాండుకు ఎర్తింగ్ వైరు తెచ్చి పెట్టారు గాని, బోల్టు బిగించనేలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు దివాకర్ తలెత్తలేదు. అన్నీ సరిచేసి, వైర్లకు గట్టి పైపులు తొడిగి, కొత్త ఫ్యూజు కూడా తనే తెచ్చి బోర్డులో పెట్టాడు. మహేశ్ ఆ ఇనుప తీగను ముక్కలుగా కత్తిరించి పాత సామాన్లతనికి వేసేశాడు. నైలాన్ తాడు కట్టాడు.

తల్లితో మాత్రం మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవాడు. మగ్గం మీద కూర్చునేవాడు. కండె కావాలంటే మంజులనే అడిగేవాడు. ఆండాళమ్మ వాడి వీపు చూస్తూ పనులు చేసుకునేది. కరెంటు కంటే పెద్ద భయముంటుందని ఆమెకు ఆ నాలుగు రోజుల్లో తెలిసింది.

నాలుగో రోజు సాయంత్రం బజారుకెళ్లి, మూడు జతల నీలం రబ్బరు చెప్పులు కొనుక్కొచ్చింది. ఐదో రోజు తెల్లారుతూనే వాటిని మెట్ల గది గుమ్మంలో, మేడ మీద కాలు పెట్టే చోట వరసగా పెట్టింది. రంగు వేసిన చిలపల బకెట్టుతో మంజుల పైకొచ్చి వాటిని చూసి ఆగిపోయింది. వెనకే ఇంకో బకెట్టు మోసుకుంటూ మహేశ్ వచ్చాడు.

“నూలు కాడ చెప్పులేంది అత్తమ్మా?” అంది మంజుల. ఒట్టి కాలే ముందుకు వేయబోయింది.

ఆండాళమ్మ వంగింది. ఒక చెప్పు చేతిలోకి తీసుకొని, కోడలి పాదం పట్టుకొని, తొడగబోయింది. మంజుల హడలిపోయి కాలు వెనక్కి గుంజుకుంది.

“అయ్యో అత్తమ్మా, నా కాళ్లు పట్టుకుంటవా!”

“పెట్టు బిడ్డా. పెట్టు. లచ్చిమికి కోపమొస్తే నా మీదికి రానీ.”

ఆమె తల పైకెత్తలేదు. రెండో చెప్పు కూడా తొడిగింది. తూర్పున పొద్దు పొడిచి, పలకల మీద మొదటి వెలుగు పడుతోంది. ఒక మెట్టు కింద నిలబడ్డ మహేశ్ తల్లి తొడిగిన ఆ చెప్పులను చూస్తూ ఉండిపోయాడు. తర్వాత బకెట్టు దించి పైకొచ్చి, తన జత తొడుక్కున్నాడు. మూడో జతను కాలితో కాకుండా చేత్తో తీసి ఆమె ముందు పెట్టాడు.

“నువ్వు కూడ ఏసుకో అమ్మా” అన్నాడు.